ఎర్ర చుక్క పడిన వేళ

“ఈయనకి లోపలే ఊపిరాడక ఏదన్నా అయితే ఎవరిది పూచీ?”

జస్‌మేల్ కౌర్ ఆ మాట పైకే అంది. లాకప్ ముందు స్టూలు మీద కూర్చుని పేపరు చూస్తున్న హెడ్ కానిస్టేబుల్ మిల్ఖీ రామ్ తల ఎత్తలేదు.

“పొద్దున్నించీ ఇది నాలుగోసారి జనాబ్, మీరు అడగడం.”

“నువ్వు జవాబు చెప్పకపోవడమూ నాలుగోసారే.”

“ఏం చెప్పమంటారు? పీల్చే మందు ఇచ్చాను. కిటికీ మూయమంటే మూశాను, తియ్యమంటే తీశాను. బయటా పొగే, లోపలా పొగే. మనిషిని ఎటు పక్క పెట్టమంటారు?”

జస్‌మేల్‌కి దేన్ని చూసినా ముందు చెడ్డదే తోస్తుంది. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తుంది. మెట్లు దిగాక నాలుగోసారి వెనక్కి వెళ్తుంది. పాతికేళ్ళలో కానిస్టేబుల్ నుంచి సహాయక సబ్ ఇన్‌స్పెక్టర్ అయిందంటే అది ఆ భయం పుణ్యమే. నలుగురూ సరేలే అని వదిలేసిన చోట ఆమెకి మాత్రం మనసు కుదురుగా ఉండదు. కోట్ లద్ధా స్టేషన్లో ఎదుట పై అధికారి కనక ‘జనాబ్’ అన్నా, వెనక నుంచి ఆమెని ‘అపశకునం మేడమ్’ అంటారు. ఆమెకి తెలుసు. తెలిసినా ఏమీ అనదు.

లాకప్‌లో ఉన్నది నచ్ఛత్తర్ సింగ్. యాభై రెండేళ్ళ ఉబ్బసం మనిషి, నాలుగెకరాల కౌలు రైతు. మొన్న, నవంబరు మూడున, సాయంత్రం ఐదున్నరకి అతని పొలంలో కాలిన గడ్డి కింద ఊరి పట్వారీ లాభ్ సింగ్ శవం దొరికింది. వరి కోశాక మిగిలిన గడ్డినీ కొయ్యకాళ్ళనీ తగలబెట్టకూడదని సర్కారు ఆంక్ష. తగలబెట్టిన పొలానికి భూమి రికార్డులో ఎర్ర సిరాతో రాయడం పట్వారీ ఉద్యోగం. శవం దొరకడానికి ముందురోజే ఆ ఎర్ర రాత గురించి నచ్ఛత్తర్ నడివీధిలో లాభ్ సింగ్ కాలరు పట్టుకున్నాడు. “ఇంకోసారి నా గట్టు తొక్కితే గడ్డితోపాటు నిన్నూ అంటిస్తా” అన్నాడు. ఊరంతా విన్నది.

నిన్న సాయంత్రం అరెస్టు చేశారు. ఇవాళ నాలుగు గంటలకి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. హత్య కేసుతో లోపలికి పంపితే, అరవైమంది పడుకునే జైలు గదిలో ఈ ఊపిరితిత్తులు ఎన్నాళ్ళు పనిచేస్తాయన్నది జస్‌మేల్ లెక్క వేయడానికి కూడా భయపడుతోంది.

ఆమె ఊచల పక్కన నేల మీద కూర్చుని, అన్నయ్యని పిలిచినట్టు పిలిచింది.

“వీర్ జీ, గడ్డి ఎన్నింటికి అంటించావు?”

“నేనే అంటించాను.”

“ఎవరని అడగలేదు. ఎన్నింటికి అన్నాను.”

“నేనే అంటించాను బీబీ. రాసుకో. ఉరి తీస్తే తియ్యమను.”

“లాభ్ సింగ్ ఆ గడ్డిలో ఉన్నాడని నీకు తెలుసా?”

అతని ఛాతీలోంచి పిల్లికూతలు వినిపించాయి.

“నీ ఫోనేది?”

“బోరులో పడేశాను.”

“ఎందుకు?”

నచ్ఛత్తర్ గోడవైపు తిరిగిపోయాడు.

“ఎందుకేమిటి మేడమ్?” అన్నారెవరో వెనకనుంచి. “తప్పు చేసినోడు ఫోను పారేస్తాడు. చెయ్యనోడు చార్జింగు పెట్టుకుంటాడు.”

జిల్లా నేర విభాగం ఇన్‌స్పెక్టర్ బాజ్వా. వయసులో జస్‌మేల్ కంటే పదేళ్ళు చిన్న, హోదాలో రెండు మెట్లు పైన. శవం దొరికిన గంటలోనే వచ్చి కేసు తన చేతిలోకి తీసుకున్నాడు. ఎస్పీ గారు ఆమెని పూర్తిగా తప్పించలేదు, అంతే. కొత్తగా ఏదన్నా దొరికితే నాలుగులోపు రాతపూర్వకంగా ఇమ్మన్నారు.

బాజ్వా రంగుల కాగితం ఒకటి ఆమె ముందుకి చాపాడు.

“నా సాక్షిని పరిచయం చేస్తాను, చూడండి. ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున ఉంటాడు. లంచం పుచ్చుకోడు, మాట మార్చడు, ఏ లాయరూ వాణ్ణి బెదిరించలేడు.”

ఉపగ్రహం తీసిన బొమ్మ. పొలాలన్నీ గళ్ళ దుప్పటిలా ఉన్నాయి. నచ్ఛత్తర్ పొలం మీద ఎర్ర చుక్క. కింద తేదీ, వేళ: మధ్యాహ్నం 1:42.

జస్‌మేల్ ఆ అంకెలు రెండుసార్లు చదివింది.

“ఒంటిగంటా నలభై రెండా?”

“కళ్ళజోడు తెప్పించమంటారా?”

“ఈ వేళకి గడ్డి అంటించే రైతు ఈ జిల్లాలో ఉన్నాడా సార్?”

లేడు. అది బాజ్వాకీ తెలుసు, స్టేషన్ ముందు టీ కాచేవాడికీ తెలుసు. రైతులు ఆ ఉపగ్రహాన్ని ‘ఫుప్ఫడ్’ అంటారు. ఫుప్ఫడ్ అంటే మేనత్త మొగుడు. పెళ్ళికొచ్చి కుర్చీలోంచి లేవకుండానే అందరి తప్పులూ లెక్కపెట్టే మనిషి. ఈ ఫుప్ఫడ్ రోజూ మధ్యాహ్నం మీదుగా వెళ్తాడు కానీ రోజూ ఒకే వేళకి రాడు. ఒకరోజు ఒంటిగంటకి దాటితే ఇంకోరోజు రెండుంబావు చేస్తాడు. ఆయన దాటిపోయేదాకా ఊళ్ళో ఎవడూ అగ్గిపుల్ల గియ్యడు. దాటిన కాసేపటికి ముప్ఫై పొలాల్లో ఒక్కసారి పొగ లేస్తుంది. వేళ వాళ్ళకెలా తెలుస్తుందన్నది మాత్రం ఏ అధికారీ ఇంతవరకు రాబట్టలేకపోయాడు.

“అయితే వీడు మూర్ఖుడు,” అన్నాడు బాజ్వా. “మూర్ఖులు హత్య చెయ్యకూడదని చట్టంలో రాశారా?”

“శవాన్ని మాయం చెయ్యాలనుకున్నవాడు ఫుప్ఫడ్ చూస్తుండగా చేస్తాడా?”

“శవం కాదు మేడమ్. బతికున్న మనిషి. గడ్డిలో కొలతలు చూసుకుంటుంటే చుట్టూ నిప్పు పెట్టాడు. ఆ మాట వీడితో అన్నాను. అనగానే కూలబడిపోయాడు. సాయంత్రానికి సంతకమూ పెడతాడు.” గడియారం చూసుకున్నాడు. “తొమ్మిదీ ఇరవై. వెళ్ళండి, మీ ఫుప్ఫడ్‌ని ఏమడుగుతారో అడిగి రండి.”

*

ఎనిమిది కిలోమీటర్ల దారికి జీపు గంటన్నర తీసుకుంది. ఒకచోట రైతు సంఘంవాళ్ళు రోడ్డు మీద పట్టాలు పరుచుకుని కూర్చున్నారు. ఇంకోచోట పొగలో ఎదుటి ట్రాక్టరు కనపడక మిల్ఖీ రామ్ దిగి ముందు నడవాల్సి వచ్చింది. “మనల్ని ఎవడన్నా వెనకనుంచి గుద్దితే?” అని జస్‌మేల్ రెండుసార్లు వెనక్కి చూసింది.

పొలం చూసేసరికి ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. అంతా బురద. మొన్న నిప్పు ఆర్పడానికని బాజ్వా తెప్పించిన నీళ్ళ ట్యాంకరు పొలం మధ్యదాకా వచ్చి తిరిగి వెళ్ళింది. దాని చక్రాల జాడలు తప్ప ఇంక ఏ గుర్తూ లేదు.

“ఫొటోలు తీశారా?”

“శవం తీశాక తీశారు జనాబ్.”

“తియ్యకముందు?”

“ఇన్‌స్పెక్టర్ గారు పత్రికలవాళ్ళొస్తున్నారని తొందర పెట్టారు.”

“అయితే ఆ నీళ్ళు శవం తియ్యకముందు పోశారో తీశాక పోశారో ఎవరికీ తెలీదన్నమాట.”

“నాకు తెలీదు జనాబ్. నేను జనాన్ని తోస్తున్నాను.”

శవం దొరికింది ఉత్తరపు మూల. కోత మిషను మలుపు తిరిగేచోట గడ్డి ఎప్పుడూ నడుమెత్తు పోగవుతుంది. మనిషిని దాస్తే బయటికి చెయ్యి కూడా కనపడదు. చుట్టూ బూడిద ముద్ద. మధ్యలో మనిషి పడుకున్నంత మేర గడ్డి కాలకుండా పచ్చగా మిగిలింది. మీద ఉన్న బరువు కింద గడ్డికి నిప్పు తగలనివ్వలేదు. జస్‌మేల్ మోకాళ్ళ మీద కూర్చుని ఆ గడ్డిని పొరలు పొరలుగా లేపింది. పైపొర బాగానే ఉంది. అడుగుది అట్టకట్టి, బూజు వాసన కొట్టింది.

“ఇది మంచు తడి మిల్ఖీ రామ్. ఎండెక్కాక గడ్డి పెళపెళలాడుతుంది. మంచు ఆరకముందే దీని మీద బరువు పడింది. అంటే పదిలోపు.”

“ట్యాంకరు తడేమో జనాబ్.”

“నువ్వు నా వైపా, ఆయన వైపా?”

“నేను అనకపోతే ఆయనంటాడు కదా.”

అదీ నిజమే. జస్‌మేల్ బూడిదని చేత్తోనే జల్లించింది. బెల్టు కొక్కెం, మూడు తాళంచెవులు, కరిగిన పెన్ను దొరికాయి. పట్వారీ ఫోను మాత్రం ముక్క కూడా లేదు. గాజూ ఇనుమూ బూడిదవుతాయా?

గట్టుమీది మోటారు గదిలోకి తొంగిచూసింది. మంచం పక్కన స్టీలు టిఫిను తెరిచి ఉంది. రెండు రొట్టెలు అలాగే ఉన్నాయి, ఒకటి సగం కొరికి ఉంది. గోబీ కూర మీద చీమలు. గ్లాసులో లస్సీ విరిగిపోయింది.

“ఇది ఎవరూ చూడలేదా?”

“హత్య పొలంలో కదా జనాబ్ జరిగింది. అన్నం డబ్బా ఎవరు చూస్తారు?”

సగం రొట్టె దగ్గర లేచిపోయాడు నచ్ఛత్తర్. ఎవరో పిలిచి ఉండాలి, లేదా ఏదో తరిమి ఉండాలి.

పక్క పొలంలో నీళ్ళు పెడుతున్న కూలీ సదానంద్ మాంఝీ బీహారువాడు. పోలీసుల్ని చూసి పారతో సహా చెరువు దిక్కుకి నడవబోయాడు.

“ఆగు. కొట్టను, తిట్టను. మొన్న మధ్యాహ్నం ఇక్కడే ఉన్నావా?”

“నేనేం చూళ్ళేదు మేడమ్.”

“చూశావని నేననలేదు. ఉన్నావా అన్నాను.”

“ఉన్నా.”

“నచ్ఛత్తర్ అన్నం తింటున్నాడా?”

“అప్పుడే వచ్చాడు మండీలో వడ్లు దింపి. నాకూ ఓ రొట్టె ఇచ్చాడు. మంచోడు మేడమ్, రోజూ ఇస్తాడు.”

“మరి సగంలో ఎందుకు లేచాడు?”

మాంఝీ పార మీద మట్టి గోకుతూ నిలబడ్డాడు.

“చూడు మాంఝీ, సాయంత్రం అతన్ని జైలుకి తీసుకుపోతారు. అక్కడ రొట్టె పెట్టేవాడూ ఉండడు, మందు ఇచ్చేవాడూ ఉండడు.”

“ఫోను మోగింది,” అన్నాడు నేలకేసి చూస్తూ. “ఒక్క రింగు. అంతే, ఆగిపోయింది. ఆయన తీసి కూడా చూళ్ళేదు. ‘ఇంత తొందరగానా?’ అన్నాడు. చెయ్యి కడుక్కోకుండానే అగ్గిపెట్టె పట్టుకుని లేచాడు.”

“ఎన్నింటికి?”

“నాకు గడియారం లేదు. పొలం కరెంటు ఒంటిగంటా పావుకి పోద్ది. మోటారు ఆగింది, నేనొచ్చి కూర్చున్నా, బీడీ సగం కాల్చా.”

“అంటే ఒకటీ ఇరవై.”

“అంతే అయ్యుంటది.”

“ఆ రింగు ఎవరిది?”

“అది నాకు తెలీదు మేడమ్.” ఈసారి ఆమె కళ్ళలోకి చూసే అన్నాడు. “ఊళ్ళో అందరికీ తెలుసు. ఒట్టు వేసుకున్నారు. నేను బయటోణ్ణి, నాకు చెప్పరు.”

ఊళ్ళోకి వెళ్ళి నలుగురు రైతుల్ని అడిగింది. ఒకడు చెవుడన్నాడు. ఒకడు ఫోనే లేదన్నాడు, జేబులో అది మోగుతుండగానే. మిగతా ఇద్దరూ ‘రబ్ రాఖా’, దేవుడే కాపాడాలి, అని దండం పెట్టి తలుపేసుకున్నారు. సెల్ కంపెనీకి మిల్ఖీ రామ్ ఫోను చేస్తే నచ్ఛత్తర్ కాల్ వివరాలు రెండు రోజుల తర్వాతే అన్నారు. “వాళ్ళకి రెండు రోజులు,” అంది జస్‌మేల్. “నాకు నాలుగు గంటలు కూడా లేవు.”

*

సిగ్నలు కోసం నీళ్ళ తొట్టి గోడెక్కి నిలబడి లుధియానాకి ఫోను కలిపింది. ఉపగ్రహ చిత్రాల కేంద్రంలో పనిచేసే రమ్‌నీక్ అనే అమ్మాయి రోజూ సాయంత్రం జిల్లాలకి ఎర్ర చుక్కల జాబితా పంపుతుంటుంది. మూడుసార్లు లైను తెగింది. నాలుగోసారి దొరగ్గానే జస్‌మేల్ నోట్లోంచి వచ్చింది కేసు కాదు.

“అమ్మా, మొన్న మూడో తారీకు మా ఊరి పొగ ఎటు పోయింది? ఆగ్నేయానికేనా? మా అమ్మాయి హాస్టలు అటే. అప్పట్నించీ దగ్గుతోంది, దగ్గులో రక్తం పడితే కూడా చెప్పదు అది.”

“అయ్యో, ఉండండి ఆంటీ. చుక్కలు పెట్టేది వేరు. ఇంకో ఉపగ్రహం పైన ఒకేచోట నిలబడి అరగంటకో బొమ్మ తీస్తుంది. అందులో చుక్క కనపడదు కానీ పొగ కనపడుతుంది.” మీటలు కొట్టిన చప్పుడు. “ఒంటిగంట బొమ్మలో మీ ఊరి మీద ఏమీ లేదు. ఒకటిన్నరకి... సన్నగా దారంలాంటి గీత. రెండింటికి అది చీపురులా విచ్చుకుంది. అవును ఆంటీ, ఆగ్నేయానికే. పాపకి మాస్కు పెట్టుకోమనండి.”

కూతురు పుట్టాక మొదటిసారి జస్‌మేల్ ఆ పిల్ల సంగతి మధ్యలో వదిలేసింది.

“దారం ఒక్కటేనా? పక్క పొలాల్లోంచి?”

“ఒక్కటే. రెండున్నర బొమ్మలో మాత్రం మీ ఊరు మొత్తం లేచింది. లెక్కపెట్టలేను, ఇరవై పైనే.”

“ఆ రోజు ఫుప్ఫడ్... అదే, చుక్కలు పెట్టేది, ఆఖరున ఎన్నింటికి దాటింది?”

“ఒంటిగంటా నలభై రెండు.”

జస్‌మేల్ తొట్టి గోడమీదే కూర్చుండిపోయింది. ఆ ఒక్క రింగే ఫుప్ఫడ్ దాటాడన్న కబురు. ఊరందరికీ అది ఫుప్ఫడ్ దాటాకే వచ్చింది. నచ్ఛత్తర్ ఒక్కడికి ఇరవై రెండు నిమిషాలు ముందొచ్చింది. పొరపాటైతే అందరికీ ముందే వచ్చేది. ఇది పొరపాటు కాదు. ఆ గడ్డి ఫుప్ఫడ్ చూస్తుండగా కాలాలి. చూసినవాడు చుక్క పెట్టాలి. చుక్క నచ్ఛత్తర్ పేరు చెప్పాలి. ఎవరో కూర్చుని అంతా లెక్క వేశారు.

ఒకటీ యాభైకి ఆసుపత్రి డాక్టరు దొరికాడు. రిపోర్టు టైపు కాలేదు, నోటితో చెప్పాడు.

“గొంతు గొట్టంలో మసి లేదు. కాలేటప్పటికి ఊపిరి తీసుకోవడం లేదతను. తల వెనక దెబ్బ ఉంది. కడుపులో పరాఠా అరగనేలేదు.”

“ఎనిమిదిన్నరకి తిని తొమ్మిదికి బయల్దేరాడని భార్య చెప్పింది.”

“అయితే పది. మహా అయితే పదిన్నర. అంతకంటే బతకలేదు.”

“ఇది ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పారా?”

“పొద్దున ఏడింటికే చెప్పాను.”

బాజ్వా ఏడింటికే తెలిసి కూడా తొమ్మిదీ ఇరవైకి ‘బతికున్న మనిషి’ అన్నాడన్నమాట.

*

మండీ గేటు దగ్గర చీటీ సంపాదించి స్టేషన్ చేరేసరికి మూడూ ఇరవై ఐదు. ఆవరణలో జైలు వ్యాను వెనక తలుపు తెరిచి ఉంది. బాజ్వా బల్ల మీద టైపు చేసిన కాగితాలు, వాటి మీద పెన్ను.

“డాక్టరు మాట దాచారెందుకు?” అంది జస్‌మేల్ గుమ్మంలోంచే.

“దాచలేదు. వాడికి చెప్పలేదు. అది విచారణ పద్ధతి.”

“పదింటికి చచ్చిపోయాడు లాభ్ సింగ్. నచ్ఛత్తర్ ఆ రోజు ఉదయం ఏడూ ఐదు నుంచి పన్నెండూ నలభై దాకా మండీలో వడ్లు దింపుకుంటున్నాడు. ఇదిగో గేటు చీటీ.”

“చీటీ మీద పేరుంటుంది, మొహం ఉండదు. ట్రాలీ బావమరిది తోలుకెళ్ళి ఉండొచ్చు.”

“శవం కింద గడ్డికి మంచు తడి ఉంది.”

“నా ట్యాంకరు పోసింది పాలు కాదుగా, నీళ్ళే.”

“ఒకటీ ఇరవైకి అతనికి రింగొచ్చింది. కూలీ విన్నాడు.”

“కూలీ! రేపు రైలెక్కి బీహారు పోతాడు. కోర్టుకి మీరు తెస్తారా?”

“పొగ బొమ్మలు చూడండి. ఊరంతా రెండు తర్వాత అంటిస్తే ఇతనొక్కడు ఒకటిన్నరకే...”

“అదే కదా నేనూ అంటున్నది! మిగతావాళ్ళు కేవలం గడ్డి కాల్చారు, ఆగారు. వీడికి శవం ఉంది, ఆగలేకపోయాడు.” బాజ్వా వెనక్కి వాలాడు. “మేడమ్, పొద్దున్నించీ తిరిగి మీరు తెచ్చిన ప్రతి ముక్కా నా గోడకి ఇటుకే అవుతోంది. ధన్యవాదాలు.”

“లాభ్ సింగ్ ఫోనెక్కడుంది?”

“కాలిపోయింది.”

“బూడిదలో తాళంచెవులున్నాయి, ఫోను ముక్క లేదు.”

“అయితే పట్వారీ ఇంట్లో మరిచిపోయి ఉంటాడు. ఈ కేసుకి దానితో ఏం పని?”

జస్‌మేల్‌కి బల్ల మీద ఉన్న సిరాబుడ్డి ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. కొడితే సస్పెండు చేస్తారు, సస్పెండైతే కూతురి చదువు ఆగిపోతుంది, ఆగిపోతే... అంతదూరం ఆలోచించి, గొంతు తగ్గించింది.

“పది నిమిషాలు ఇవ్వండి. అతనితో మాట్లాడాలి.”

“ఏడ్చేవాణ్ణి ఇంకా ఏడిపించండి, నాకేం. మూడూ యాభైకి వ్యాను కదులుతుంది.” బాజ్వా కాగితాలు పట్టుకుని ఆమె వెనకే వచ్చి లాకప్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

నచ్ఛత్తర్ మోకాళ్ళలో తల పెట్టుకుని ఉన్నాడు. భార్య మధ్యాహ్నం తెచ్చిన రొట్టెల మూట విప్పనే లేదు. జస్‌మేల్ ఊచలు దాటి లోపలికి వెళ్ళి పక్కనే కూర్చుంది. మూడూ ముప్ఫై ఎనిమిది.

“వీర్ జీ, ఒక్క మాట విను. లాభ్ సింగ్ నీ నిప్పుకి చావలేదు.”

అతను మోకాళ్ళని ఇంకా గట్టిగా చుట్టుకున్నాడు.

“మేడమ్!” అన్నాడు బాజ్వా.

ఆమె అటు చూడలేదు. “డాక్టరు చెప్పాడు. నువ్వు అగ్గిపుల్ల గియ్యడానికి మూడు గంటల ముందే ఎవరో తల వెనక కొట్టి చంపారు. తెచ్చి నీ గడ్డిలో పెట్టారు.”

నచ్ఛత్తర్ తల ఎత్తాడు. రెండు రోజుల్లో మొదటిసారి.

“ఆయన అరవలేదా?”

“అరవడానికి ఆయన లేడు వీర్ జీ.”

“నేను గట్టు మీదే ఉన్నాను బీబీ. అటు మూలే నిలబడ్డాను. నిప్పు చిటపటలాడుతుంటే అనుకున్నా... ఆ చప్పుడులో ఆయన గొంతుందేమో, నేను వినలేదేమో అని...” పిల్లికూతలు ఎక్కువై మాట ఆగిపోయింది. మిల్ఖీ రామ్ ఊచల్లోంచి మందు అందించాడు. రెండుసార్లు పీల్చాడు.

“ఉదయం లాభ్ సింగ్‌ని చంపినవాడూ, నీకు ముందుగా రింగిచ్చినవాడూ ఒకడే,” అంది జస్‌మేల్. “నువ్వు ఎవరి పేరు దాస్తున్నావో నాకు తెలీదు. ఊరంతా ఒట్టు వేసుకున్నారని తెలుసు. ఇన్నాళ్ళూ మీ అందరినీ ఆ మనిషి కాపాడి ఉండొచ్చు. కానీ మొన్న ఆ రింగు నిన్ను కాపాడ్డానికి రాలేదు. చెప్పు, ఫుప్ఫడ్ దాటాడని మీకు చెప్పేదెవరు?”

నచ్ఛత్తర్ పీల్చే మందు డబ్బీని ఊచల్లోంచి మిల్ఖీ రామ్‌కి తిరిగి ఇచ్చేశాడు.

మూడూ నలభై రెండు. బయట వ్యాను డ్రైవరు ఇంజను వేశాడు. బాజ్వా పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు. మిల్ఖీ రామ్ ఏదో అనబోతే జస్‌మేల్ చెయ్యెత్తి ఆపింది. ఇప్పుడు గట్టిగా అడిగితే ముడుచుకుపోతాడని ఆమె భయం. అడక్కపోతే కాలం మించిపోతుందనీ భయమే. రెండు భయాలనీ పళ్ళ మధ్య బిగించి కూర్చుంది. మూడూ నలభై ఐదు. నచ్ఛత్తర్ అరచేతులు చూసుకుంటున్నాడు. మసి ఇంకా గోళ్ళలో ఉంది. మూడూ నలభై ఎనిమిది. బాజ్వా “ఇంక చాలు, లేపండి” అన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు తలుపులోకి వచ్చారు. ఒకడు వెయ్యడానికి సంకెళ్ళు తీశాడు. జస్‌మేల్ లేవలేదు.

“పట్వారీ సాబ్,” అన్నాడు నచ్ఛత్తర్.

సంకెళ్ళ చప్పుడు ఆగింది.

“వేళ చెప్పేది లాభ్ సింగే బీబీ. మూడేళ్ళ నుంచీ ఆయనే. రాయాల్సినవాడే మమ్మల్ని దాటించేవాడు. వీధిలో నేను కాలరు పట్టుకోవడం కూడా ఆయన చెప్పి చేయించిందే, పైవాళ్ళకి అనుమానం రాకుండా. ఆ సంగతి బయటపడితే ఆయన పెళ్ళానికి పింఛనూ ఉండదు, పరువూ ఉండదు. అందుకే ఫోను బోరులో వేశాను. పారేసేముందు చూసుకున్నాను, మొన్న ఒకటీ ఇరవైకి రింగొచ్చింది ఆయన నంబరు నుంచే.”

పదింటికి చచ్చిపోయిన మనిషి నంబరు నుంచి. బాజ్వా చేతిలో కాగితాలు కిందికి వాలాయి.

నచ్ఛత్తర్ ఊపిరి కూడగట్టుకుని జస్‌మేల్ చెయ్యి పట్టుకున్నాడు.

“ఇందాక మా ఆవిడ రొట్టెలు తెచ్చినప్పుడు చెప్పింది. ఇవాళ కూడా వచ్చిందట, అదే నంబరు నుంచి. మా వదిన ఒక్కదానికే. జనం భయంతో ఉన్నారు కదా, ఆవిడ ఇంకా అంటించలేదు. నాలుగింటికి అంటిస్తానందట. ఆ గడ్డిలో ఇంకెవరున్నారో చూడు బీబీ.”